తేల్ ఎప్పుడు మార్చినవ్ భాయ్?

పాతబస్తీ ఆటో రోజుకి వంద కిలోమీటర్లు తేలిగ్గా తిరుగుతుంది. ఇంజన్‌కి పెట్రోలు, నూనె రోజూ పడుతూనే ఉంటాయి. మరి గేర్లకి? డ్రైవర్లకి ఏడాదికోసారైనా గుర్తుకురాని ఆ కాస్త నూనె మీదే ఓ ఇంటి పొయ్యి ఆధారపడి ఉందంటే నమ్ముతారా?

శాలిబండ చడావు. ముందు గాజుల బండి, పక్కన ఆర్టీసీ బస్సు, వెనక హారన్ల మోత. ఆటో మొదటి గేరులో మూలుగుతోంది. డ్రైవరు క్లచ్ నొక్కి ఎడమచేతి పిడిని మెలితిప్పాడు. 'కర్ర్‌ర్..' మని శబ్దం. గేరు పడలేదు. మళ్లీ తిప్పాడు. ఈసారి పడింది కానీ బండి ఒక్క కుదుపు కుదిపి నా తల పైకప్పు రాడ్డుకి తగిలింది.

''దెబ్బ తాకిందా సార్? రొండో గేరు జర తక్లీఫ్ ఇస్తున్నది. నెల దినాల సంది గిట్లనే ఉన్నది'' అన్నాడు అద్దంలోంచి చూస్తూ. ఊరు లాల్‌దర్వాజా. బండి టూ స్ట్రోక్‌ది, పన్నెండేళ్ల నాటిది. సొంతమే. అప్పు ఇంకా కొంచెం మిగిలి ఉంది. అది బండి మీది అప్పు కాదు, కూతురి పెళ్లిది.

చార్మినార్ దగ్గర ఎక్కి ఫలక్‌నుమా దాకా వెళ్లాలి నేను. నాలుగైదు కిలోమీటర్లు. ఊరికే కూర్చోవడం ఎందుకని అతను ఎన్నిసార్లు గేరు మారుస్తాడో లెక్కపెట్టడం మొదలుపెట్టా. సయ్యద్ అలీ చబూత్రా దాటేసరికి 60 అయ్యాయి. అక్కడితో లెక్క ఆపేశా. అలియాబాద్ దాటాక అతనే అడిగాడు, ''సార్, మీకు పది నిమిషాలు టైముంటే ఉస్తాద్‌కి చూపిస్త. దార్లనే ఉంటడు'' అని.

ఉస్తాద్ ఇంజన్‌బౌలిలో ఉంటాడు. మెకానిక్ ఉండటానికి ఇంతకన్నా తగిన పేరున్న బస్తీ ఊళ్లో ఇంకోటి లేదేమో!

షాపంటే షాపేం కాదు. రేకుల కప్పు కింద ఓ చెక్కబల్ల, గోడకి వేలాడే పానాలు, నేల మీద ఏళ్ల తరబడి ఇంకిన నూనె మరక. ఉస్తాద్‌కి అరవై దాటి ఉంటాయి. బండి దగ్గరికి రాకుండానే చెవి రిక్కించి విన్నాడు. దగ్గరికొచ్చి, ఇంజన్ ఆపించి, పిడిని నాలుగు గేర్లలోకీ తిప్పి చూశాడు. ముందు గేరు వైర్ల మీద అనుమానం. పిడి నుంచి గేర్‌బాక్స్‌కి వెళ్లే ఈ తీగలు తుప్పుపట్టినా, సాగినా గేరు ఇలాగే మొరాయిస్తుంది. వైర్లు బాగానే ఉన్నాయి. అప్పుడడిగాడు.

''తేల్ ఎప్పుడు మార్చినవ్ భాయ్?''

''రోజూ పోస్తున్న కదా ఉస్తాద్!''

''అది టూటీ. నేను అడిగేది గేర్ తేల్.''

డ్రైవరు తల గోక్కున్నాడు. ''బోనాల ముంగట మార్పిచ్చిన.''

ఉస్తాద్ నవ్వలేదు. ''కౌన్సే బోనాల్?''

ఈ ఏడు బోనాలు ఇంకా నెల రోజులున్నాయి మరి!

రెండు నూనెలు.. ఒక్క అపోహ

పాతబస్తీలో చాలామంది టూ స్ట్రోక్ ఆటోవాలాలు పడే పొరపాటు సరిగ్గా ఇదే. పెట్రోలుతోపాటు బంకులో 2టీ నూనె కలిపించుకుంటారు. బండికి కావాల్సిన నూనె అంతా పడిందని ధీమాగా ఉంటారు. కానీ ఆ 2టీ నూనె పిస్టన్‌కీ, క్రాంకుకీ తడి ఇచ్చి, పెట్రోలుతో కలిసి కాలి పొగై పోతుంది. గేర్ల గదిలోకి చుక్క కూడా రాదు. ఆ గది వేరు, దాని నూనె వేరు. అది కాలదు, తరగదు (తరిగితే రోగమే, ఆ సంగతి తర్వాత). అక్కడే ఉండి, గేర్లు తిరిగినప్పుడల్లా చిమ్మి, మళ్లీ అడుక్కి చేరుతూ నెలల తరబడి పనిచేస్తుంది. కనిపించదు కాబట్టి ఎవరికీ గుర్తుండదు.

ఆ గదిలో ఏం జరుగుతుందో తెలిస్తే మాత్రం జాలేస్తుంది. నాలుగు ముందు గేర్లు. వెనక్కి నడిపించే పళ్లచక్రం. వెనక చక్రాలు రెండింటికీ బలాన్ని పంచే డిఫరెన్షియల్. మలుపు తిరిగేటప్పుడు లోపలి చక్రం తక్కువ దూరం, బయటి చక్రం ఎక్కువ దూరం తిరగాలి కదా, ఆ తేడాను సర్దేది ఇదే. హుస్సేనీ ఆలం గల్లీల్లో నిలబడ్డ చోటే గిర్రున తిరిగే ఆటోని చూసి ముచ్చటపడతాం. ఆ ముచ్చట ఖర్చంతా ఈ పళ్లచక్రాలదే. ఇక ఈ తరహా బళ్లలో క్లచ్ ప్లేట్లు కూడా అదే నూనెలో మునిగి ఉంటాయి. క్లచ్ నొక్కి వదిలిన ప్రతిసారీ ప్లేట్లు ఒరుసుకుని వేడెక్కుతాయి. ఆ వేడిని మోసుకుపోయేదీ, అరిగిన పొడిని మోసేదీ ఆ నూనే. చార్మినార్ నుంచి సయ్యద్ అలీ చబూత్రా దాకానే 60 సార్లయితే రోజంతా ఎన్నిసార్లో మీరే లెక్కేసుకోండి.

రోజుకి వంద చొప్పున నెలకి పాతిక రోజులు తిరిగినా 2,500 కిలోమీటర్లు. మనవాడి బోనాల నుంచి ఈ బోనాల దాకా పదకొండు నెలలు. అంటే 27 వేల కిలోమీటర్లు దాటినట్టే. 'మీటరు చూసుకోలేదా' అని అడగబోయి ఆగిపోయా. కిలోమీటర్లు చూపించే ముల్లు ఎప్పుడో చచ్చిపోయి ఉంది. మీటరు పనిచేయని బళ్లకి పండగలే కొలబద్ద. రంజాన్‌కి మార్చిన, దసరాకి మార్చిన అంటారే తప్ప కిలోమీటర్లలో చెప్పేవాళ్లు అరుదు.

తేనె నుంచి తారు దాకా

కాసేపు నడిచిన బండి కాబట్టి నూనె వేడిగా ఉంది. అదే మంచిదట. చల్లగా ఉంటే చిక్కబడి, అడుగున పేరుకున్న పొడి గది లోపలే ఉండిపోతుంది. వేడి మీద తీస్తే నూనెతో పాటే కొట్టుకొస్తుంది. చోటూ కింద తట్ట పెట్టాడు. ఉస్తాద్ అడుగు బోల్టు విప్పాడు. కొత్తగా పోసినప్పుడు తేనె రంగులో ఉండే నూనె తారులా జారింది. మాడిన వాసన.

ఉస్తాద్ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఓ చుక్క వేసుకుని రుద్ది, ఎండకి పట్టి చూశాడు. ఆటో మెకానిక్‌కి అదే నాడి పట్టుకోవడం. ముగ్గుపిండిలా మెత్తటి బూడిదరంగు మెరుపు కనిపిస్తే ఫర్వాలేదు, ఇనుము ఇనుముతో ఒరుసుకుంటే ఆ మాత్రం రాలుతుంది. గోరు ముక్కల్లాంటివి తగిలితే మాత్రం పళ్లు విరుగుతున్నట్టే. ఇక నూనె మార్చడం కాదు, గది విప్పడమే. పెట్రోలు వాసన వస్తే ఇంజన్‌కీ గేర్ల గదికీ మధ్య ఉండే సీలు పోయిందని అర్థం. అదే సీలు ఇంకో రకంగానూ మోసం చేస్తుంది. కింద చుక్క కారదు, గేర్ నూనె మాత్రం మాయమవుతుంటుంది. సైలెన్సర్ నుంచి తెల్లపొగ మబ్బులు వస్తుంటాయి. ఇంజన్ ఆ నూనెను లోపలికి లాక్కుని తగలేస్తోందన్నమాట! ఇది తెలియని డ్రైవరు 2టీ ఎక్కువైందేమోనని దాన్ని తగ్గిస్తాడు. దాంతో పిస్టన్ కూడా పట్టేస్తుంది.

మనవాడి నూనెలో ముక్కలు లేవు. ఉస్తాద్ ముఖంలో మొదటిసారి కాస్త నవ్వు. ''బచ్‌గయా.''

90 అంటే ఎక్కువా?

పక్కనే ఓ కుర్ర డ్రైవరు సలహా ఇచ్చాడు, ''ఉస్తాద్, 90 నంబర్ పోయి. గాఢా ఉంటది, గేర్లు చప్పుడు చెయ్యవ్'' అని. ఉస్తాద్ అతని వైపు చూసిన చూపు రాయడానికి నాకు మాటలు లేవు.

ఈ నంబర్ల గొడవ కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఎందుకంటే నూనె మార్చకపోవడం కన్నా తప్పు నూనె పోయడం వల్ల పాడైన ఆటోలూ తక్కువేం కాదు. డబ్బాల మీద రాసే ఎస్ఏఈ నంబరు నూనె చిక్కదనానికి గుర్తు. కానీ ఇంజన్ నూనెకి ఓ కొలత, గేర్ నూనెకి ఇంకో కొలత. రెండు వేర్వేరు స్కేళ్లు. గేర్ నూనె 90కి ఉండే చిక్కదనం, వేడి మీద కొలిస్తే, ఇంజన్ నూనె 40, 50లకి దగ్గర్లోనే ఉంటుంది. అంటే 90 నంబరు 40 కన్నా రెండింతలు చిక్కన కానే కాదు. చిల్లరకొట్టులో కిలోకీ, బట్టల కొట్టులో మీటరుకీ ఉన్నంత తేడా ఇది. రెండింటినీ పక్కపక్కన పెట్టి 'ఏది ఎక్కువ' అంటే ఏం చెబుతాం?

అసలు చిక్కు చిక్కదనంలో లేదు, కలిపే మందుల్లో ఉంది. 90 నంబరు నూనెల్లో చాలావాటిల్లో గంధకం, భాస్వరం ఉన్న రసాయనాలు కలుపుతారు. బరువు లాగే లారీల డిఫరెన్షియల్‌లో పళ్లు ఒకదాన్నొకటి నలిపేయకుండా అవి రక్షణ పొరలా పనిచేస్తాయి. జీఎల్-5 అని రాసి ఉన్న నూనెల్లో ఈ మందు మోతాదు జీఎల్-4 కన్నా ఎక్కువ. లారీకి అది అమృతమే. కానీ గేర్ల గదిలోనే క్లచ్ ప్లేట్లు మునిగి ఉన్న బండికి? ప్లేట్లు పట్టుకోవాలంటే రాపిడి కావాలి. నూనేమో రాపిడి తగ్గిస్తానంటుంది. ఇంజన్ గీపెడుతుంది, బండి కదలదు. చడావు మీద జనాన్ని దించి ఆటో తోసుకుంటున్న డ్రైవర్లని ఎప్పుడైనా చూశారా? వాళ్లలో కొందరిది ఈ కథే. పైగా ఇత్తడి, కంచు భాగాలుంటే వేడి మీద ఆ గంధకం వాటినీ తినేస్తుంది.

కార్ల కోసం చేసిన కొన్ని పలచటి ఇంజన్ నూనెలతోనూ ఇదే తంటా. జపాన్ వాహన ప్రమాణాల సంస్థ 1998లో నాలుగు స్ట్రోకుల ద్విచక్ర వాహనాల నూనెలకి ఓ గుర్తు పెట్టింది. క్లచ్ నూనెలో మునిగి ఉండే బళ్లకి పనికొచ్చే నూనె డబ్బా మీద 'జాసో ఎంఏ' అని ఉంటుంది. 'ఎంబీ' అని ఉంటే అలాంటి బండికి అది పనికిరాదు. మనవాడి లాంటి పాత టూ స్ట్రోక్ గేర్ల గదికి 30, 40 నంబర్ల ఇంజన్ నూనె వర్గం నప్పుతుంది. నాలుగు స్ట్రోకులవి, డీజిల్‌వి వచ్చాక లెక్క మారింది. కొన్నిటికి ఇంజన్‌కీ గేర్లకీ ఒకే నూనె, కొన్నిటికి వేర్వేరు. గేర్‌బాక్స్ విడిగా ఉన్న వాటిలో 90 వర్గం పోయమని కంపెనీయే చెబుతుంది. కాబట్టి పక్క ఆటోవాలా ఏం పోశాడన్నది మనకి అనవసరం. బండితో ఇచ్చిన పుస్తకంలో ఉన్నదే వేదం. ఆ పుస్తకాన్ని దాచుకున్న డ్రైవర్ని నేనింతవరకూ చూడలేదనుకోండి, అది వేరే సంగతి.

ఉస్తాద్ పని మాత్రం చూడ్డానికి ముచ్చటగా ఉంది. అడుగు బోల్టుకి కొత్త వాషర్ వేశాడు. నలిగిన పాతదే వేస్తే అక్కడి నుంచే చుక్కలు కారతాయి. బోల్టు బిగించేటప్పుడు మాత్రం బలమంతా పెట్టలేదు. గది అల్యూమినియంది, బోల్టు ఇనుపది. ఎక్కువ బిగిస్తే గదిలోని చూడీలు పోతాయి. వంద రూపాయల పని వేల రూపాయల పని అవుతుంది. బండి సమంగా ఉందో లేదో చూసి, గరాటుతో పోసి, లెవెల్ రంధ్రం నుంచి చుక్క బయటికి తొంగిచూడగానే ఆపేశాడు. 'ఇంకొంచెం పోయి' అంటే వినడు. ఎక్కువైతే గేర్లు దాన్ని మజ్జిగలా చిలుకుతాయి. వేడెక్కుతుంది, సీళ్లని తోసుకుని బయటికొస్తుంది. కొందరు మెకానిక్‌లు కొత్త నూనెకి ముందు డీజిల్ పోసి కడుగుతారు. ఈయన కడగడు. అడుగున మిగిలిన డీజిల్ కొత్త నూనెను పలచన చేస్తుందని ఆయన వాదన. నాకు సబబుగానే తోచింది.

తేనెటీగ మనవడు

ఈ గేర్ల గదికి పెద్ద వంశమే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇటలీలో పియాజియో కంపెనీ 1946లో వెస్పా స్కూటర్ తెచ్చింది. రూపశిల్పి కొరాడినో డస్కానియో విమానాల ఇంజనీరు. వెస్పా అంటే ఇటాలియన్‌లో కందిరీగ. 1948లో అదే స్కూటర్‌కి వెనక రెండు చక్రాలు పెట్టి బరువులు మోసే బండి చేశారు. దాని పేరు ఆపే, అంటే తేనెటీగ. మన ఊళ్లలో 'ఆపే ఆటో' అని పిలిచే డీజిల్ బండి పేరులో ఉన్నది ఆ తేనెటీగే! బజాజ్‌కి 1959లో మన ప్రభుత్వం రెండు, మూడు చక్రాల వాహనాల తయారీకి లైసెన్సు ఇచ్చింది. మొదట్లో ఇంజన్ ముందుండేది. వెనక ఇంజన్ ఆటో 1977లో వచ్చింది. ఎడమచేతి పిడిని మెలితిప్పి గేరు మార్చడం ఆ కందిరీగ నుంచి వచ్చిన వారసత్వమే.

ఇరానీ చాయ్ రంగు

ఇంజన్‌బౌలిలో నూనె కబుర్లు మొదలైతే 2020 వరదల దగ్గరికి రాకుండా ఆగవు. ఆ ఏడాది అక్టోబరు 13, 14 తేదీల్లో కుండపోత. చెరువు కట్టలు తెగాయి. ఫలక్‌నుమా పక్కన అల్ జుబైల్ కాలనీ, చాంద్రాయణగుట్ట వైపు బస్తీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. ఇళ్ల ముందు నిలబెట్టిన ఆటోలూ మునిగాయి.

నీళ్లు తగ్గాక చాలామంది చేసిన పని, ప్లగ్గు తుడిచి, పెట్రోలు మార్చి, కిక్కు కొట్టడం. ఇంజన్ అందుకుంటే 'అల్లా దయ, అమ్మవారి దయ' అనుకుని రోడ్డెక్కడం. ఎవరు మాత్రం ఆగుతారు? అప్పటికే కరోనా లాక్‌డౌన్‌తో నెలల తరబడి బేరాల్లేవు. కానీ గేర్ల గదికి గాలి పీల్చుకోవడానికి సన్నటి దారి ఉంటుంది. నీళ్లలో మునిగితే అదే దారిన, పాత సీళ్ల సందుల్లోంచీ నీరు లోపలికి చేరుతుంది. గేర్లు తిరిగితే నూనె, నీరు కలిసి చిలికినట్టవుతాయి. అడుగు బోల్టు విప్పితే తట్టలోకి దిగేది అచ్చం ఇరానీ చాయ్! ఆ రంగు చూశాకే ఉస్తాద్ కప్పులోని చాయ్ తాగలేకపోయాడట కొన్నాళ్లు.

ఆ చాయ్‌తో వారం తిరిగినా చాలు, బేరింగులకి తుప్పు పడుతుంది. రెండు మూడు నెలలకి గరగర మొదలవుతుంది. అప్పటికి వరద సంగతి అందరూ మర్చిపోయి ఉంటారు, బండి పాతదైందనుకుంటారు. నీళ్లలో మునిగిన బండికి ముందు నూనె మార్చాలి, కాస్త నడిపి మరోసారి మార్చాలి. మొదటిసారికి నీరంతా పోదు. చెరువు పక్కన ఉండే డ్రైవర్లకి ఈ ఒక్క ముక్క ఎవరైనా చెప్పి ఉంటే ఆ ఏడాది ఎన్ని గేర్‌బాక్సులు మిగిలేవో!

రేపు చూద్దాం

ఇంతకీ ఎందుకు మార్చరు? తెలియక అన్నది సగం జవాబే. పాతబస్తీలో సొంత బండి లేని డ్రైవర్లు చాలామంది. పొద్దున కిరాయికి తీసుకుని రాత్రికి అప్పగిస్తారు. గేర్ నూనె ఎవరు మార్చాలి? 'నడిపేది నువ్వు, నువ్వే మార్చు' అంటాడు ఓనరు. 'బండి నాది కాదు, నేనెందుకు మార్చాలి' అనుకుంటాడు డ్రైవరు. మధ్యలో నూనె తారవుతుంది. చివరికి గేర్లు పోయి బండి షెడ్డుకెళ్తే ఓనరుకి వేల రూపాయల బిల్లు. డ్రైవరుకి బండి లేని రోజులు. రోజు కూలీ మీద బతికేవాడికి ఈ రెండో నష్టమే పెద్దది.

సొంత బండివాళ్లది ఇంకో బాధ. 2023 డిసెంబరు 9న తెలంగాణలో ఆడవాళ్లకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలైంది. గాజుల కోసం లాడ్‌బజార్‌కీ, బట్టల కోసం పత్తర్‌గట్టీకీ వచ్చే ఆడవాళ్లు చాలామంది బస్సెక్కారు. వాళ్లకది ఎంతో మేలు, కాదనలేం. ఆటోవాలాల బేరాలు మాత్రం పడిపోయాయి. సంఘాలు రోడ్డెక్కి నిరసనలు చేశాయి. పైనుంచి యాప్‌ల పోటీ. సంపాదన తగ్గితే ఇంట్లో ముందు ఆగేది పాలో, స్కూలు ఫీజో కాదు, వెంటనే నొప్పి తెలియని ఖర్చు. గేర్ నూనె సరిగ్గా అలాంటిది. ఈ నెల మార్చకపోతే ఏమీ కాదు. వచ్చే నెలా ఏమీ కాదు. ''పెట్రోల్ లేకుంటే బండి ఆగుతది సార్, గేర్ తేల్ లేకుంటే ఆగదు'' అన్నాడు మనవాడు. నా దగ్గర జవాబు లేదు.

చౌకగా అయిపోవాలని డ్రమ్ముల్లోంచి కొలిచి పోసే ఖుల్లా తేల్ కొనేవాళ్లున్నారు. అందులో ఏముందో అమ్మేవాడికీ తెలియదు. సీసా నూనెకీ దానికీ తేడా మహా అయితే వంద, రెండొందలు. ఏడాదికి మూడు నాలుగుసార్లు మార్చినా ఆ తేడా ఒక్క గేరు సెట్టు ఖర్చుతో పోల్చదగ్గది కాదు.

తట్టలో మిగిలింది

చోటూ తట్ట ఎత్తి నల్లనూనెను ఓ పాత డబ్బాలోకి వంచాడు. ఇది ఎక్కడికి పోతుంది? కొంత సెంట్రింగు పనివాళ్లు కొనుక్కుపోతారు, చెక్కలకి సిమెంటు అంటకుండా పూయడానికి. కొంత గొలుసులకి, తలుపు బందులకి. మిగిలింది? అన్ని షెడ్లలోనూ డబ్బాలుండవు. నాలాలో పోస్తే నేరుగా మూసీకే. ఒక్కసారి మార్చగా వచ్చే వాడిన నూనె పది లక్షల గ్యాలన్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ లెక్క. ఇందులో గమ్మత్తేంటంటే నూనె అరిగిపోదు, మురికి పడుతుందంతే. శుద్ధి చేస్తే మళ్లీ నూనె అవుతుంది. వాడిన నూనెను వెనక్కి సేకరించి శుద్ధి చేయించే బాధ్యతను తయారీ కంపెనీల మీద పెడుతూ కేంద్రం సవరించిన నిబంధనలు 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి. ఆ సేకరించేవాళ్లెవరో ఉస్తాద్‌కి తెలియదు. ఆయన దగ్గరికి ఇంతవరకూ ఎవరూ రాలేదట.

'ఎలక్ట్రిక్ ఆటోలొస్తే ఈ గోలంతా ఉండదు కదా' అన్నాను. ఉస్తాద్ తల అడ్డంగా ఊపాడు. ఇంజన్ నూనె ఉండదు, నిజమే. కానీ గిర్రున తిరిగే మోటారుకీ నెమ్మదిగా తిరిగే చక్రానికీ మధ్య పళ్లచక్రాల డబ్బా అక్కడా ఉంటుంది. దానికీ నూనె కావాలి. ''కరెంటు బండికి తేల్ ఏంది అని అడుగుతున్నరు. వాళ్లు కూడా వస్తరు నా దగ్గరికి'' అన్నాడు తాపీగా.

బండి స్టార్టయింది. మనవాడు గల్లీ చివరిదాకా వెళ్లి తిరిగొచ్చాడు. క్లచ్ నొక్కి పిడి తిప్పితే ఈసారి 'టక్' మని చిన్న శబ్దం. కుదుపు లేదు. అతని ముఖం చూడాలి అప్పుడు! డబ్బులిస్తూ ఉస్తాద్ దగ్గర చాక్‌పీసు అడిగి తీసుకుని, ముందు అద్దం కింద రేకు మీద తారీఖు రాసుకున్నాడు. మళ్లీ ఎప్పుడు రావాలో కూడా పక్కనే రాసుకున్నాడు.

''దసరాకి వస్త ఉస్తాద్.''

అప్పటికే ఇంకో బండి కింద దూరిన ఉస్తాద్ అక్కడి నుంచే అడిగాడు.

''కౌన్సా దసరా?''